‘చెట్టుకు మందెందుకు?’ అన్న ప్రచారానికి సమాధానం

చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి రైతుల ఫోన్లలో ఒక వాట్సాప్ సందేశం విపరీతంగా తిరుగుతోంది. శేషాచలం అడవిలో ఎవరూ మందు కొట్టకపోయినా చెట్లు పచ్చగానే ఉన్నాయనీ, పురుగు కొరకగానే చెట్టు విషం తయారుచేసుకుని పక్క చెట్లకూ కబురు పంపుతుందనీ, వేపకు పురుగే పట్టదనీ, కనుక మందు మానేస్తే మామిడి తోట తనను తానే కాపాడుకుంటుందనీ దాని సారాంశం. ఇందులో నిజం కొంత కలిసి ఉండటమే అసలు ప్రమాదం.

చెట్లకు రసాయన రక్షణ ఉన్నమాట వాస్తవం. గాయపడిన పాప్లర్, మేపుల్ మొక్కలతో గాలి పంచుకున్న పక్క మొక్కల ఆకుల్లో కూడా పురుగుకు గిట్టని ఫినాల్ పదార్థాలు పెరిగాయని 1983లో బాల్డ్విన్, షుల్ట్జ్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. అయితే అవి మూసిన గదుల్లో పెట్టిన కుండీ మొక్కలు. తర్వాత సేజ్‌బ్రష్ అనే పొద మీద ఆరుబయట జరిపిన పరిశోధనలో ఈ ప్రభావం సుమారు 60 సెంటీమీటర్ల లోపే కనిపించింది. మన తోపుల్లో మామిడి మొదళ్ల మధ్య ఎడం పాతిక, ముప్పై అడుగులు.

అంతకంటే ముఖ్యమైన విషయం, ఏ రసాయనం ఏ పురుగును ఆపుతుందన్నది. ఆకులోని టానిన్లు అనే వగరు పదార్థాలు నమిలి తినే పురుగుకు అరుగుదలను దెబ్బతీస్తాయి. మామిడిని ఏటా పీడించే తేనెమంచు పురుగు ఆకును నమలదు. సూదిలాంటి నోటిని పూతకాడలో దించి రసం పీలుస్తుంది కనుక కణాల్లో దాచిన విషం దానికి పెద్దగా తగలదు. పూత మీద చెయ్యి వేస్తే చిటపటమంటూ ఎగిరి ముఖానికి తగిలే ఆ చిన్న పురుగులు విసర్జించే జిగట కింది ఆకుల మీద పడి, దాని మీద మసి తెగులు పెరిగి, పూత మాడి రాలిపోతుంది. కాయ తొడిమ విరిచినప్పుడు చివ్వున చిమ్మే సొన కూడా రక్షణే, పచ్చికాయలో పండు ఈగ పిల్లపురుగులకు అది అడ్డు. కానీ కాయ పక్వానికి వచ్చేకొద్దీ సొన తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే ఈగ గుడ్లు పెడుతుంది.

వేప గురించిన మాట పూర్తిగా తప్పు. వేపలో పురుగును ఆపే రసాయనమైన అజాడిరాక్టిన్ ప్రధానంగా గింజల్లో ఉంటుంది. లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగు, దానికి తోడైన శిలీంధ్రం వల్ల 2021లో తెలంగాణలో వేపచెట్లు ఊళ్లకు ఊళ్లు కొమ్మలెండి నిలబడటం అందరూ చూసినదే.

అడవి ఉదాహరణ కూడా నిలవదు. ఎర్రచందనం చేవకు చెద పట్టదు, దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ బలం లేదు. టేకు కర్ర ఎంత గట్టిదైనా ఆకును పురుగు ఈనెలు మాత్రం మిగిల్చి తినేస్తుంది. 1990ల చివర్లో మధ్యప్రదేశ్‌లో కాండం తొలిచే పెంకుపురుగు సాల చెట్లను పెద్ద ఎత్తున చంపింది. గాయం నుంచి కారే సాల రసం వాసనకే ఆ పురుగులు గుమిగూడతాయి. అందుకే అటవీ సిబ్బంది నరికిన దుంగలను ఎరగా పెట్టి వాటిని పట్టారు. ఇక అడవి చెట్టు బతికి నాలుగు విత్తనాలు రాలిస్తే చాలు, దామలచెరువు మామిడి మండీకి తోతాపురి కాయ తోలవలసిన అవసరం దానికి లేదు. పైగా మన తోటలో చెట్లన్నీ ఒకే రకపు అంట్లు కావడంతో ఒకదానికి పడిన పురుగుకు మిగతావన్నీ అనుకూలమే.

అంటే వారానికోసారి మందు కొట్టమని కాదు. అనవసరపు పిచికారీ పురుగును తినే సాలీళ్లను, అక్షింతల పురుగులను చంపి బెడదను పెంచుతుంది. కోత అయ్యాక గుబురు కొమ్మలు తీసి చెట్టు లోపలికి ఎండ పడేలా చేయడం, పూమొగ్గ దశలోనే పురుగును గమనించి అవసరమైతేనే మందు వాడడం, పూత విచ్చుకుని ఈగలూ తేనెటీగలూ తిరిగే రోజుల్లో పిచికారీ ఆపడం, పండు ఈగకు మగ ఈగలను ఆకర్షించే మిథైల్ యూజినాల్ ఎరలు కట్టడం చేయదగినవి. వేపనూనె కొట్టేవారు సాయంత్రం కొట్టాలి, అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది.