ఇంట్లో బీరు చేసేవారు ముందు కొనాల్సింది పాత ఫ్రిజ్

అమెరికాలో మనవాళ్లు ఇంట్లో బీరు చేద్దామనుకున్నప్పుడు ముందుగా డబ్బు పెట్టేది కంటికి కనపడే సామాను మీద. కుళాయి బిగించిన పెద్ద స్టీలు కెటిల్, గింజలు మరపట్టే మర, కాచిన ద్రవాన్ని చల్లార్చే రాగి చుట్టల చిల్లర్ అన్నీ ఇంటికొస్తాయి. తీరా నెల తర్వాత సీసా మూత తీస్తే అరటిపండు వాసన, గొంతులో పచ్చి సారా మంట. రెసిపీ బాగాలేదనుకుని ఇంకో రెసిపీ పట్టుకుంటారు, మళ్లీ అదే రుచి వస్తుంది. లోపం రెసిపీలో లేదు. బీరు పులవడానికి బకెట్ పెట్టిన గదిలో ఉంది. పొయ్యి మీద మనం చేసేది తీపి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నీళ్లు, అంటే వర్ట్ మాత్రమే. దాన్ని బీరు చేసేది ఈస్ట్. అందుకే, ఉన్న డబ్బుతో ముందు ఒక పాత ఫ్రిజ్, దానికి తగిలించే టెంపరేచర్ కంట్రోలర్ కొనుక్కోమని గట్టిగా చెబుతాను. కెటిల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చలికాలంలో దోసె పిండి పులియడానికి లైటు వేసిన అవెన్‌లో పెట్టడం మన ఇళ్లలో అందరికీ అలవాటే. ఆ అలవాటే బీరు దగ్గర దెబ్బ తీస్తుంది. పిండిని పులియబెట్టే బ్యాక్టీరియాకు వెచ్చదనం కావాలి. ఏల్ అనే రకం బీరు చేసే మామూలు ఈస్ట్‌కు కావలసింది 64 నుంచి 68 ఫారన్‌హీట్, అంటే 18 నుంచి 20 సెల్సియస్. ఇది గది వేడి కాదు, బకెట్‌లోని ద్రవం వేడి. పులవడం జోరుగా సాగుతున్నప్పుడు ఈస్ట్ తనంతట తానే వేడి పుట్టిస్తుంది. గది కంటే లోపలి ద్రవం 5 నుంచి 10 డిగ్రీల ఫారన్‌హీట్ ఎక్కువ ఉండటం మామూలే. డాలస్‌లో ఎండాకాలం ఏసీ 76కి పెట్టుకున్న ఇంట్లో క్లోజెట్‌లో పెట్టిన బకెట్ లోపల 84 దాటుతుంది. అంత వేడిలో ఈస్ట్ ఆబగా పనిచేసి ఫ్యూసెల్ ఆల్కహాళ్లు, ఎస్టర్లు వదులుతుంది. గొంతు మంట, అరటిపండు వాసన అక్కడి నుంచే వస్తాయి. ఇంకో రెండు నెలలు ఆగినా అవి పోవు.

ఫ్రిజ్ దొరికాక కంట్రోలర్ సెన్సార్‌ను గాల్లో వేలాడదీయకూడదు. బకెట్ పక్కకు, లోపలి ద్రవం మట్టం కంటే కిందగా ఆనించి, పైన బబుల్ ర్యాప్ మడత పెట్టి టేపు వేయాలి. అప్పుడే అది బీరు వేడిని చదువుతుంది. 65కి పెట్టి, 2 డిగ్రీలు తేడా వచ్చాకే కంట్రోలర్ పనిచేసేలా అమర్చండి. కంప్రెసర్ మాటిమాటికీ ఆగి ఆడకుండా కనీసం 3 నిమిషాల విరామం పెట్టండి. రుచి ఖాయమయ్యేది మొదటి 3, 4 రోజుల్లోనే. నురగ తగ్గడం మొదలుపెట్టాక 70కి పెంచండి. వెన్న వాసన తెచ్చే డయాసిటైల్‌ను, పచ్చి ఆపిల్ వాసన తెచ్చే ఎసిటాల్డిహైడ్‌ను ఈస్టే తిరిగి తినేస్తుంది. షికాగో, డెట్రాయిట్ వైపు గరాజ్‌లో పెట్టేవారికి జనవరిలో సమస్య తిరగబడుతుంది. వాళ్లు కంట్రోలర్ హీటింగ్ సాకెట్‌కు, బకెట్ చుట్టూ కట్టి వేడిచేసే హీట్ బెల్ట్ తగిలించుకోవాలి.

ఫ్రిజ్‌కు చోటులేని అపార్ట్‌మెంట్ అయితే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్‌లో నీళ్లు పోసి బకెట్‌ను అందులో నిలబెట్టండి. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేయండి. బకెట్‌కు పాత టీషర్ట్ తొడిగి, అంచు నీళ్లలో ఉండేలా చూసి ఫ్యాన్ పెడితే ఇంకా దిగుతుంది. అదీ కుదరకపోతే క్వైక్ అనే నార్వే పల్లెల ఈస్ట్ ఉంది. వాటిలో వోస్ రకం 95 నుంచి 104 ఫారన్‌హీట్‌లో కూడా శుభ్రంగా పులుస్తుంది, కాస్త నారింజ వాసన ఇస్తుంది. ఫీనిక్స్ ఎండాకాలానికి మంచి ఎంపికే. కాకపోతే అన్ని రకాల బీర్లకూ ఆ వాసన నప్పదు.

ఇక చేసే విధానం. మొదటి బీరుకు గింజల జోలికి పోకుండా, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడితో 5 గ్యాలన్ల (19 లీటర్ల) పేల్ ఏల్ చేయండి. కావలసినవి: లైట్ మాల్ట్ పొడి 5 పౌన్లు (2.27 కిలోలు), రంగు, తీపి ఇచ్చే క్రిస్టల్ 40 మాల్ట్ గింజలు అర పౌను (225 గ్రాములు), కాస్కేడ్ హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే ఎండు పూలు) 98 గ్రాములు, యూఎస్-05 డ్రై ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి. సాంబారుకు వాడే పెద్ద గిన్నె 5 గ్యాలన్లదైతే చాలు. అందులో 3 గ్యాలన్ల నీళ్లు 155 ఫారన్‌హీట్‌కు కాచి, నలగ్గొట్టిన క్రిస్టల్ మాల్ట్‌ను గుడ్డ సంచిలో కట్టి అరగంట నానబెట్టండి. వేడి 170 దాటితే పొట్టులోంచి వగరు దిగుతుంది. సంచి తీసేసి, మంట ఆపి, 2 పౌన్ల పొడి కలపండి. మంట ఆపకుండా పోస్తే అడుగంటి మాడు వాసన వస్తుంది. మరుగు మొదలైన కొత్తలో నురగ ఒక్కసారిగా పొంగుతుంది, ఆ పది నిమిషాలూ పొయ్యి దగ్గర నుంచి కదలొద్దు.

మరుగు అందుకోగానే 42 గ్రాముల హాప్స్, చేదు కోసం. 50 నిమిషాలకు మంట ఆపి మిగిలిన 3 పౌన్ల పొడి కలిపి, మళ్లీ మరిగించి 28 గ్రాముల హాప్స్ వేయండి. 60 నిమిషాలకు పొయ్యి కట్టేసి చివరి 28 గ్రాములు. పొడి అంతా మొదట్లోనే పోస్తే వర్ట్ రంగు ముదురుతుంది, హాప్స్ చేదు కూడా సరిగ్గా దిగదు. తర్వాత మూతపెట్టిన గిన్నెను సింక్‌లో ఐసు నీళ్లలో పెట్టి చల్లార్చండి. ఐసు ముక్కలు లోపల వేయకండి, ఫ్రిజ్ ఐసులో సూక్ష్మజీవులు ఉంటాయి. దాన్ని 6.5 గ్యాలన్ల బకెట్‌లోకి వంచి, ముందురోజే కాచి చల్లార్చిన నీళ్లతో 5 గ్యాలన్లకు నింపండి. చిక్కటి వర్ట్ అడుగుకు చేరుతుంది కాబట్టి బాగా కలియబెట్టాకే హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే సాధనం) చూడాలి, లేకపోతే కొలత తప్పుతుంది. 1.047 దగ్గర ఉండాలి. వర్ట్ 65కు దిగాక ఈస్ట్‌ను పైన చల్లి మూత వేయండి. మూతకు బిగించి గ్యాస్‌ను బయటికి వదిలే చిన్న గొట్టం, అంటే ఎయిర్‌లాక్‌లో మామూలు నీళ్ల బదులు శానిటైజర్ ద్రావణం పోయండి. బకెట్ చల్లబడినప్పుడు అది లోపలికి పీల్చుకున్నా నష్టం ఉండదు.

నీళ్లలో ఒక చిక్కుంది. చాలా నగరాల కుళాయి నీళ్లలో సూక్ష్మజీవులను చంపే క్లోరమిన్ ఉంటుంది, అది కాచినంత మాత్రాన సులభంగా పోదు. మాల్ట్‌తో కలిసి ఆస్పత్రి బ్యాండేజీ వాసన తెస్తుంది. వాడబోయే మొత్తం నీళ్లను ముందే ఒక పాత్రలో పట్టి క్లోరమిన్‌ను విరిచే క్యాంప్డెన్ మాత్రలో పావు ముక్క నలిపి కలిపితే చాలు. ఒక మాత్ర 20 గ్యాలన్లకు సరిపోతుంది.

కడగడం, శానిటైజ్ చేయడం రెండు వేరు పనులు. మురికి ఉన్నచోట ఏ శానిటైజరూ పనిచేయదు. ముందు కడిగి, తర్వాత స్టార్ శాన్ అనే శానిటైజర్ 5 గ్యాలన్లకు 1 ఔన్సు (30 మిల్లీలీటర్లు) కలిపి, చల్లారిన వర్ట్‌కు తగిలే ప్రతి వస్తువునూ ఒకటి రెండు నిమిషాలు తడిపి ఉంచండి. నురగ మిగిలితే కడిగేయొద్దు, దానివల్ల బీరుకేమీ కాదు. బకెట్ లోపల గరుకు పీచుతో రుద్దితే గీతల్లో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. మెత్తటి స్పాంజీ వాడండి.

ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయంటే పులవడం అయిపోయిందనుకుంటారు. మూత కాస్త వదులుగా ఉన్నా బుడగలు రావు, వాతావరణం వేడెక్కినా అవే వస్తాయి. నమ్మాల్సింది హైడ్రోమీటర్‌ను. 10 రోజులయ్యాక ఒకసారి, మరో 3 రోజులకు ఇంకోసారి చూడండి. రెండుసార్లూ 1.011 ప్రాంతంలో ఒకే అంకె వస్తే అయినట్టు. మొదటి అంకెలోంచి రెండోది తీసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. ఇక్కడ 4.7. ఈ కొలతలకు తప్ప మధ్యలో మూత తీసి చూడకండి.

సీసాలకు ఎక్కించేటప్పుడు 110 గ్రాముల పంచదారను కప్పు నీళ్లలో 5 నిమిషాలు మరిగించి రెండో బకెట్ అడుగున పోసి, దానిపైకి సైఫన్‌తో బీరు దించండి. గొట్టం చివర అడుగున మునిగే ఉండాలి. బీరు చిమ్మితే గాలి కలిసి, నాలుగు వారాలకే తడి అట్టముక్క రుచి వస్తుంది. గోధుమరంగు సీసాలే వాడండి. పచ్చ, తెల్ల సీసాల్లోకి వెలుతురు చేరి హాప్స్ పదార్థాన్ని విరిచి కంపు పుట్టిస్తుంది. మరతిప్పే మూతల సీసాలు మూతలు బిగించే క్యాపర్‌కు సరిగా పట్టవు. 12 ఔన్సులవి 50 దాకా సిద్ధంగా ఉంచుకుని, నింపాక 70 ఫారన్‌హీట్‌లో రెండు వారాలు వదిలేయండి.

మన ఊళ్లలో కల్తీ సారా మరణాల వార్తలు విన్న పెద్దవాళ్లు ఇంటి బీరు అనగానే విషం అవుతుందేమోనని కంగారుపడతారు. ఆ మరణాలకు కారణం సారాలో కలిపే మిథనాల్. మాల్ట్ పులిస్తే పుట్టే మిథనాల్ లెక్కలోకి రానంత తక్కువ, బట్టీ పట్టడం లేదు కాబట్టి అది చిక్కబడే అవకాశమూ లేదు. భయపడాల్సింది సీసా పేలడానికి. పులవడం పూర్తికాకుండా నింపినా, పంచదార కొలవకుండా పోసినా, అడవి ఈస్ట్ చేరినా గ్యాస్ ఎక్కువై గాజు పగులుతుంది. సీసాలను మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, పిల్లలు మసలని చోట పెట్టండి. ఒకటి పేలితే మిగతావి చేత్తో తాకకుండా, దూరంగా వదిలేసి, కళ్లద్దాలు, దళసరి గ్లవ్స్ వేసుకున్నాకే చల్లబరచడానికి ప్రయత్నించండి.

చట్టం విషయానికొస్తే, 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో అమెరికాలో ఇంటి బీరుకు ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇంట్లో ఒక్క పెద్దవారుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200. అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు. ఈ వెసులుబాటు సొంత వాడకానికి మాత్రమే, అమ్మకూడదు. సారా కాయడానికి ఇది వర్తించదు. కాబట్టి సంఘాల కార్యక్రమాల్లో జాగ్రత్త. టికెట్ పెట్టిన విందులో ఇంటి బీరు పోస్తే అమ్మినట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది. పిక్నిక్‌లో మిత్రులకు రుచి చూపించాలన్నా ముందు రాష్ట్ర చట్టం, పార్కు నిబంధనలు చదవండి. ఇండియా వెళ్లినప్పుడు అక్కడ చేసి చూపిద్దామని పరికరాలు పట్టుకెళ్లకండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, సొంతానికే చేసుకున్నా సరే.