భోగి మంటకి కూడా పనికిరాని చీరలు శ్రీలంకకెందుకు?

వారం రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. ఫ్లాట్ల గ్రూపులో రెండుసార్లు, కాలేజీ బ్యాచ్ గ్రూపులో మూడుసార్లు. ఆరోసారి మా మేనత్త పంపింది, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి మరీ. మొదటి ఐదుసార్లూ ఊరుకున్నాను.

చూడనివాళ్ల కోసం సారాంశం: ‘శ్రీలంక వరద బాధితులకి ఒక్క రూపాయి కూడా పంపకండి, నాయకులు మింగేస్తారు. 2022లో 400 కోట్ల డాలర్లు ఉచితంగా ఇచ్చాం, ఇప్పుడు మళ్లీ 45 కోట్లు. మునిగింది ఒక మూలే, దేశమంతా అన్నది మీడియా హడావుడి. నేవీ ఓడలు అటు పోతే మన తీరానికి దిక్కెవరు? హుద్‌హుద్‌లో వైజాగ్‌ని ఎవరు పట్టించుకున్నారు? సాయం చేయాలనుంటే ఇంట్లో ఉన్న పాత బట్టలు, దుప్పట్లు, స్వెట్టర్లు మూటకట్టండి. ఈ నంబరుకి ఫోన్ చేస్తే వ్యాన్ వస్తుంది, ఓడలో పంపుతారు.’

ఓడల గొడవ ముందు వదిలించుకుందాం. మన వైజాగ్ నుంచి సామాన్లతో సుకన్య అనే నౌక శ్రీలంకలోని ట్రింకోమలీ రేవుకి వెళ్లింది. మన నేవీవే విక్రాంత్, ఉదయగిరి అప్పటికే నౌకా సమీక్ష (దేశదేశాల యుద్ధనౌకల ప్రదర్శన) కోసం కొలంబోలో ఉన్నాయి, తమ దగ్గరున్న సరుకు అక్కడే దించాయి. ఇంతమాత్రానికే తీరం ఖాళీ అయిపోతుందని భయపడేవాళ్లు ఓసారి బీచ్ రోడ్డుకి వచ్చి చూసి వెళ్లొచ్చు.

మునిగింది ఒక మూలేనట. ఈ వరదలు తెచ్చిన దిత్వా తుపాను 2025 నవంబరు 28న శ్రీలంక తీరం దాటింది. శ్రీలంకలో 25 జిల్లాలుంటే 25కీ దెబ్బ తగిలింది. 600 మందికి పైగా చనిపోయారు. మెసేజ్‌తో పాటు తిరుగుతున్న మ్యాపులో నీలిరంగు కొంచెమే ఉంది, నిజమే. కొలంబో పక్కన కెలణి నది పొంగితే నీళ్లు నిలుస్తాయి, మ్యాపుకి దొరుకుతాయి. కాండీ, బదుల్ల, నువర ఎలియ కొండల్లో నీళ్లు నిలవవు. అక్కడ కొండచరియ జారి ఇళ్లమీద పడుతుంది. తేయాకు తోటల్లో తమిళ కూలీల ఇళ్లు వరసగా గోడకి గోడ ఆనించి కట్టి ఉంటాయి, ఒక చివర మట్టి పడితే వరసంతా పోతుంది. దానికి నీలిరంగు వేయరు. కొండవాలు మీద ఇళ్లున్న ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి కూడా ఇది చెప్పాల్సి వస్తోంది.

ఇక ఉచితంగా ఇచ్చేశామన్న డబ్బు. 2022లో ఇచ్చినదాంట్లో చాలాభాగం అప్పు, వాయిదా వేసిన బాకీలు, మళ్లీ వెనక్కి ఇచ్చేయాల్సిన కరెన్సీ మార్పిడి. ఇప్పటి 45 కోట్ల డాలర్లలో 35 కోట్లు తక్కువ వడ్డీ అప్పు, 10 కోట్లే గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేనిది. బ్యాంకు మనకి హోమ్ లోన్ ఇస్తే దాన్ని దానం అంటామా? నాయకులు మింగేస్తారన్న సంగతి శ్రీలంక జనానికి మనం నేర్పక్కర్లేదు. 2022లో వాళ్లు రోడ్డెక్కితే అధ్యక్షుడే దేశం వదిలి పారిపోయాడు. మనం ఫార్వర్డ్ నొక్కడం కంటే అది కాస్త గట్టి పనే అనుకుంటాను.

హుద్‌హుద్‌లో ఎవరూ పట్టించుకోలేదట! 2014 అక్టోబరు 12న గంటకి 170-180 కిలోమీటర్ల గాలి వీచిన రోజు ఈ మెసేజ్ రాసినాయన ఎక్కడున్నాడో గానీ, నేను ఎంవీపీ కాలనీలో మంచం కింద ఉన్నాను. మా వీధిలో స్తంభాలు నిలబెట్టిన కుర్రాళ్లు ఒకరినొకరు తమిళంలో పిలుచుకున్నారు. మా మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నారు. వాళ్లని మర్చిపోయి ‘ఎవరూ రాలేదు’ అని రాయడానికి చెయ్యెలా వచ్చిందో.

అసలు నాకు కోపం తెప్పించింది చివరి ముక్క. చూడ్డానికి అదొక్కటే మంచి మాటలా ఉంటుంది, అందుకే జనం పంపుతున్నారు. పైగా సంక్రాంతికి ఇల్లు దులుపుతున్న రోజులు. అటక మీంచి దిగిన మూట ఎదురుగా కనిపిస్తోంది. భోగి మంటలో బట్టలు వేయడానికి మనసొప్పదు. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ ఆ చీరని అటూ ఇటూ తిప్పి చూసి ‘ఇదొద్దమ్మా’ అనేసింది. అప్పుడు గుర్తొస్తుంది శ్రీలంక.

ఆ నంబరుకి నేను ఫోన్ చేశాను. ఎత్తినాయన నా మాట పూర్తి కాకుండానే నిట్టూర్చాడు. మెసేజ్‌లో ఆ వ్యాన్ ముక్క 2018 కేరళ వరదలప్పటిదట. ఆయన ఒక వ్యాన్ పెట్టి పది రోజులు తిరిగాడు, అంతే. తర్వాత ఏ ఊరు మునిగినా ఊరి పేరు మార్చి ఆయన నంబరు అలాగే ఉంచి పంపుతున్నారు. ‘శ్రీలంకకి నా వ్యాన్ ఎలా వెళ్తుంది సార్?’ అని నన్నే అడిగాడు.

సరే, వ్యాన్ దొరికిందే అనుకుందాం. మూట విప్పేదెవరు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఫ్లాట్ల వాళ్లం నలభై మూటలు పోగేశాం. వాటిని విడదీసే పని నా నెత్తిన పడింది. హుక్కులు ఊడిన పట్టు జాకెట్లు, ఒంటి సాక్సు, ఎవరిదో స్కూలు టై, జేబులో సినిమా టికెట్టు ఉన్న ప్యాంటు. ఒక మూటలో పెళ్లి షేర్వాణీ, దానికి పైజమా లేదు. చీరలు నూట పది దాకా లెక్కపెట్టాను, లంగాలు మాత్రం మూడు. లంగా లేకుండా చీర ఎలా కట్టుకుంటారో మూట కట్టిన ఆడవాళ్లకి తెలియదా? మొత్తం మీద పన్నెండు మూటలు పనికొచ్చాయి. వాటిలో ఒకటి అక్కడ ఒకావిడ చేతికిస్తే ఆవిడ ముందు నా చేతిలో ఇంకేముందా అని చూసింది. ఇంట్లోంచి బురద ఎత్తి పోస్తోంది, మోకాళ్ల దాకా అదే. చీపురు, ఫినాయిల్, స్టవ్ బర్నర్ ఉన్నాయా అని అడిగింది. నా దగ్గర షేర్వాణీ ఉంది.

ఇదేమీ కొత్త పాఠం కాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం అప్పట్లో పేపర్లలోనే వచ్చింది. ఇప్పుడు దానికి సముద్రం దాటించే ఖర్చు, రేవులో దించే ఖర్చు, కస్టమ్స్ కలపండి. మందుల పెట్టెలు దిగాల్సిన చోట మన అటక సామాను దిగుతుంది. వరద నీళ్లు తీశాక బురదలో తిరిగేవాళ్లకి ఎలుక జ్వరం భయం. దానికి ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. వాటి స్థానంలో చీర పనిచేయదు.

డబ్బైతే అక్కడి కొట్లోనే ఖర్చవుతుంది. సరుకంతా తడిసిపోయిన ఆ కొట్టువాడు కూడా బాధితుడే. శ్రీలంక ప్రభుత్వం ఇల్లు శుభ్రం చేసుకోడానికి కుటుంబానికి 25,000 వాళ్ల రూపాయలు ప్రకటించింది, మన డబ్బుల్లో ఏడువేల చిల్లర. ఎవరికి చీపురు కావాలో ఎవరికి బర్నర్ కావాలో వాళ్లకే తెలుసు గనక.

ఇంత తిట్టాక రెండు మాటలు ఒప్పుకోవాలి. స్వెట్టర్లు అన్న మాట చూసి మొదట పగలబడి నవ్వాను, శ్రీలంకలో చలేంటని. తర్వాత నాలుక్కరుచుకున్నాను. నువర ఎలియ 1,800 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది. డిసెంబరు రాత్రుల్లో మన లంబసింగిని తలపించే చలి. ఇల్లు పోయి స్కూలు వరండాలో పడుకున్న పిల్లలకి స్వెట్టరు కావాలి. ఆ మెసేజ్‌లో పొరపాటున దొర్లిన నిజం అదొక్కటే అనుకున్నాను గానీ, ఇంకోటి ఉంది.

డబ్బు అన్ని రోజులూ పనికిరాదు. హుద్‌హుద్ మర్నాడు నా జేబులో నాలుగు ఐదొందల నోట్లున్నాయి. కరెంటు లేదు, కొట్లు లేవు. పాల ప్యాకెట్ ఎక్కడుందో తెలిస్తే కదా కొనడానికి! ఆ మూడు రోజులూ ఆ నోట్లకి విలువ లేదు. ఎవరో లారీలో తెచ్చి పడేసిన నీళ్ల ప్యాకెట్లే మమ్మల్ని కాచాయి. తుపాను మర్నాడే ఈ మెసేజ్ వచ్చుంటే సగం ఒప్పుకునేవాణ్ణి. కానీ నెల దాటింది. కొట్లు తెరిచారు. తెరిచిన కొట్లో కొనడానికి వాళ్ల చేతిలో డబ్బు లేదు.

ఇదంతా నిన్న రాత్రి మా మేనత్తకి ఫోన్‌లో చెప్పాను. రెడ్‌క్రాస్ లాంటి చోట రసీదు తీసుకుని ఎంతో కొంత కట్టమన్నాను. మధ్యలో రెండుసార్లు ‘ఊఁ’ అంది.

‘సరేరా, వెయ్యి కడతాన్లే. ఎలా కట్టాలో ఆ ఫోన్‌లో నువ్వే నొక్కు. మరి ఈ మూటో?’

‘గిన్నెలావిడకి ఇచ్చెయ్ అత్తా.’

‘ఆవిడ వద్దంది కదరా, ఆటోలో మీ ఇంటికి పంపించేశాను.’