రూపాయికి ఎనిమిది పైసల పాఠకులు

సెల్‌ఫోన్లు వచ్చి పుస్తకాలు చదివేవాళ్లే లేకుండా పోయారని బాధపడే పెద్దమనుషులు మన వరంగల్‌లో చాలామందే ఉన్నారు. వాళ్లకు నాదొక మనవి. ముందు బీరువాలోంచి ఇంటిపన్ను లెక్క తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను కూడా కలిసి ఉంటుంది. ఆస్తిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని, తలమీద కప్పు ఉన్న ప్రతివాడూ ఏటా చదువుల ఖాతాలో ఇంత జమ చేస్తూనే ఉన్నాడు. గుడికి మనిషి చేత కొబ్బరికాయ పంపినవాడికి పుణ్యం రాదా? డబ్బులు కట్టింది చాలక మళ్లీ మనమే కూర్చుని చదవాలంటే, ఒకే పనికి రెండుసార్లు బిల్లు కట్టినట్టే.

వసూలు చేసిన ఆ ఎనిమిది పైసల్ని మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థలకు కట్టకుండా బకాయి పెడుతున్నాయన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉన్నదే. ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించడం లేదు. కొన్న పుస్తకం మనం తెరవం, వచ్చిన పద్దు వాళ్లు తెరవరు. యథా ప్రజా తథా మున్సిపాలిటీ.

నిజానికి పుస్తకానికి ఇంత గౌరవం ఏ కాలంలోనూ లేదు. చదివిన పుస్తకం మూలలు మడతపడుతుంది, టీ మరకలు పడతాయి, ఎవడో అడిగి పట్టుకుపోతాడు, ఇక తిరిగిరాదు. చదవని పుస్తకానికి ఈ కష్టాలేవీ లేవు. వీడియో కాల్‌లో మన వెనకాల నిటారుగా నిలబడి మన పరువు కాపాడుతుంది. పీడీఎఫ్ అయితే దుమ్ము కూడా పట్టదు. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన పొద్దున గుడ్ మార్నింగ్‌తో పాటు ఒక గ్రంథం పంపిస్తాడు. మధ్యాహ్నానికల్లా దాని కింద దండాలు, పూలు, బొటనవేళ్లు బారులు తీరతాయి. ఇంతవరకు ఎవరూ ఆయన్ను "చదివారా సార్?" అని అడగలేదు. ఉమ్మడి కుటుంబంలో పాటించాల్సిన మర్యాదలు కొన్ని ఉంటాయి.

ఇక పుస్తకావిష్కరణ సంగతి. సాహిత్యం బతికే ఉందనడానికి హనుమకొండలో ఏ ఆదివారమైనా సాక్ష్యం దొరుకుతుంది. వేదిక మీద అరడజను మంది, కింద వాళ్ల వాళ్ల డ్రైవర్లు, కవి గారి బంధువులు. రంగు కాగితంలో చుట్టి, బంగారు రిబ్బన్ కట్టిన కట్టను ముఖ్య అతిథి చేతికిస్తారు. ఆ ముడి ఎవరు వేస్తారో కానీ అంత తేలిగ్గా ఊడదు. అతిథి గోటితో గీకుతాడు, అధ్యక్షుడు కొస పట్టుకొని లాగుతాడు, చివరికి ఫొటోగ్రాఫరే స్టేజీ ఎక్కి పళ్లతో తెంపి కిందికి దిగుతాడు. అందరూ తలా ఒక పుస్తకం గుండెలకు ఆనించుకొని కెమెరా వైపు తిరుగుతారు. ఒకరిది తలకిందులుగా ఉంటుంది. ఆ ఫొటోనే మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. తర్వాత మైకు. "పుస్తకం నాకు ఇప్పుడే అందింది, చదివే అవకాశం కలగలేదు, అయినా కవి నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు" అని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడగల విమర్శకులు మనకున్నారు. చదివి ఉంటే పది నిమిషాల్లో అయిపోయేది. శాలువా, మెమెంటో, సమోసా. మిగిలిన కాపీలు అట్టపెట్టెల్లో కవిగారి మంచం కిందికి చేరతాయి. వాటిని అచ్చు వేయించింది ఆయన పీఎఫ్ డబ్బుతో. ఆ మాట ఆయన భార్య సభలో చెప్పదు, ఇంట్లో చెబుతుంది.

ముఖ్య అతిథిగా ఎమ్మెల్యే వస్తేనే సభకు నిండుదనం. భాగవతాన్ని రాజులకు అంకితమివ్వనన్న బమ్మెర పోతన ఊరు ఇక్కడికి దగ్గరే. ఆయన కాలంలో ఫ్లెక్సీలు లేవు కాబట్టి సరిపోయింది.

ప్రజాకవి కాళోజీ విషయంలోనూ మనం లోటు చేయలేదు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకున్నాం. ఆయన పేరుతో వైద్య విశ్వవిద్యాలయం ఉంది, 2024లో కళాక్షేత్రం కూడా తెరుచుకుంది. ఇంత చేశాక ఇంకా ఆయన కవిత్వం కూడా చదవాలంటే ఎట్లా? ఆయన ‘నా గొడవ’ ఎవరి గొడవా కాకుండా ప్రశాంతంగా ఉంది.

చదివేవాళ్లు అసలే లేరని అనడం మాత్రం అన్యాయం. పొద్దున గ్రంథాలయం తలుపు తీయకముందే మెట్ల మీద బ్యాగులు వరుసలో ఉంటాయి. సీటు కోసం బ్యాగును నిలబెట్టి మనిషి చాయ్‌కి పోతాడు. జనగామ నుంచి, నర్సంపేట నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చి హాస్టళ్లలోనో, అద్దె గదుల్లోనో ఉంటూ గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్‌కూ, డీఎస్సీకీ చదివే పిల్లలు వీళ్లు. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఆఖరికి పుస్తకం కూడా ఇంటినుంచే తెచ్చుకుంటారు. గ్రంథాలయం ఇచ్చేది కుర్చీ, ఫ్యాను. అద్దాల బీరువాల్లోని నవలలు తాళాల వెనక నిలబడి వీళ్లను చూస్తుంటాయి. వీళ్లు మాత్రం ఎదురుగా ఉన్న గోడ వైపు తిరిగి బిట్లు బట్టీపడుతుంటారు. "హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం స్థాపించిన సంవత్సరం? ఏ) 1901 బి) 1904 సి) 1918." సమాధానం బి. ఏ అంటే హైదరాబాద్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సి అంటే వరంగల్‌లోని శబ్దానుశాసనాంధ్ర భాషా నిలయం. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. గ్రంథాలయోద్యమం ఇంతకన్నా ఏం సాధించాలి?

వీళ్లు సాహిత్యం చదవరని మూతి విరిచే పెద్దలకు ఒక మాట. సీరియస్‌గా అంటున్నాను, వ్యంగ్యం కాదు. ఈ జిల్లాలో రోజుకు పది గంటలు కాగితం ముందు కూర్చునేవాళ్లు వీళ్లే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని చోట నవల చదువుకోమని చెప్పడానికి ఎంత రాతిగుండె ఉండాలో నాకు అర్థం కాదు.

అందుకే జనం లెక్కలో పుస్తకమంటే పరీక్ష. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైల్లో ఒక కథల పుస్తకం తీసి చూడండి. రఘునాథపల్లి దాటకముందే పక్క సీటాయన వంగి అడుగుతాడు: "ఏం నోటిఫికేషన్ పడ్డది తమ్మీ?" ఊరికే చదువుతున్నానంటే మొహంలోకి జాలిగా చూస్తాడు. "ఇంట్ల ఏమన్న టెన్షనా?"

ఒకప్పుడు ఇట్లా ఉండేది కాదు. నిజాం కాలంలో బడి ఉర్దూలో, కచేరీ ఉర్దూలో. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు అడ్డం. తెలుగు గ్రంథాలయం మీద పోలీసు కన్ను. అయినా జనం చందాలు వేసుకొని గ్రంథాలయాలు పెట్టారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. జనం కొన్నారు, పైగా చదివారు. దీన్నిబట్టి తేలేదేమిటంటే, పుస్తకానికి కావలసింది డిస్కౌంటు కాదు, ఆటంకం.

కాబట్టి ప్రభుత్వానికి నా సూచన. ఉచితంగా ఇవ్వడం వెంటనే ఆపాలి. కథల పుస్తకం కావాలంటే మీసేవలో దరఖాస్తు, ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు, తహసీల్దార్ సంతకం. కవిత్వానికైతే ఆర్డీవో విచారణ. రెండుసార్లు దరఖాస్తు తిప్పి పంపాలి, మూడోసారి సర్వర్ డౌన్ కావాలి. ఆరు నెలల్లో చూడండి, "మా బామ్మర్దికి పైరవీ చేయించి నవల ఇప్పించిన" అని చౌరస్తాలో గొప్పలు చెప్పుకునేవాళ్లు తయారవుతారు. పెళ్లిచూపుల్లో పిల్లగాడికి పర్మిట్ ఉందా అని అడుగుతారు. కాజీపేట ప్లాట్‌ఫారం మీద తనిఖీలో సీటు కింద కథల సంపుటి ఒకటి దొరుకుతుంది. ఎస్సై గారు గట్టిగా అడిగితే ఆ పిల్లగాడు వణుకుతూ అంటాడు: "నాది కాదు సార్, పక్కాయనది. నేను సగమే చదివిన."

మిగతా సగం ఆ రాత్రి స్టేషన్‌లో ఎస్సై గారు చదువుతారు.