డ్రిల్లింగ్‌కి రమ్మంటే...

శనివారం పొద్దున్నే పక్కింటి పెద్దాయన మెసేజ్ పెట్టాడు. "మా నాన్న డ్రిల్లింగ్ బయటికి తీశాను. కాస్త వచ్చి సాయం చేస్తావా?"

ఒహైయోలో ఇల్లు కొన్నాక నేను మొదట కొన్నది డ్రిల్లింగ్ మెషిన్. గోడకి వేసే లావు బిట్లు, ఎక్స్‌టెన్షన్ వైరుతో సహా మోసుకుని బయల్దేరాను. "మనింట్లో కర్టెన్ రాడ్డు ఆర్నెల్లుగా అలాగే పడుంది" అంది మా ఆవిడ. వినబడనట్టు గడప దాటాను.

డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి, దాని మీద తుపాకి.

పెద్దాయన నా చేతిలో మెషిన్ చూసి కుర్చీ పట్టుకుని మరీ నవ్వాడు. "దీనికి ఇప్పటికే మూడు కన్నాలున్నాయి బాబూ, నాలుగోది వద్దు!"

జర్మన్‌లో ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురిలో ఒకరిని డ్రిల్లింగ్ అంటారట. మూడు గొట్టాల వేట తుపాకికీ అదే పేరు. పైన పక్కపక్కనే రెండు 16 బోర్ (బోర్ అంటే గొట్టం కన్నం కొలత) గొట్టాలు, పిట్టలకీ కుందేళ్ళకీ. కింద ఒక రైఫిల్ గొట్టం, జింకకీ అడవిపందికీ. 1945లో అమెరికా సైన్యం జర్మనీ ఊళ్ళలో అడుగుపెట్టగానే ఇళ్ళలో ఉన్న తుపాకులన్నీ అప్పజెప్పమంది. ఆ కుప్పలోంచి ఈయన నాన్న దీన్ని ఏరుకుని, పై అధికారి సంతకం పెట్టిన కాగితంతో ఇంటికి తెచ్చుకున్నాడు.

నేను చేయాల్సిన సాయం ఏమిటంటే, గొట్టాల అడుగున ఉన్న చిన్న చిన్న ముద్రలు చదవడం. ఆయనకి చూపు ఆనదు. ఫోన్ లైటు వేసి చూస్తే గుండ్రటి గీతలో 16, కిరీటం కింద ఎన్ అక్షరం, పైపట్టీ మీద తుపాకుల పనివాళ్ళ ఊరు జూల్ పేరు. ఖాళీగా ఉందని రెండుసార్లు చూపించి, ఆయన పైనున్న మీట ముందుకి తోశాడు. పడుకున్న గురికమ్మీ టిక్కుమని లేచి నిలబడింది! అది లేచిందంటే ముందు ట్రిగ్గర్ ఇక కింది రైఫిల్‌దని అర్థం. దాన్ని పడుకోబెట్టి, లేపి, నేను పది నిమిషాలు ఆడుకున్నాను.

ఆయన మాత్రం దీన్ని పేల్చడు. పాత 16 బోర్ గొట్టాల్లో తూటా కూర్చునే గది చాలావాటికి 65 మిల్లీమీటర్ల పొడవే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా లోపలికి దూరుతుంది గానీ, పేలాక దాని మడత మూతి విప్పుకోడానికి చోటు చాలదు.

ఆదివారం నల్గొండకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. "పక్కింటాయన డ్రిల్లింగ్ చూసిన నాయినా. మూడు బోర్లు! రెండు పదహార్లు..."

"పదారు ఫీట్లకే ఆపిండా? గట్లయితే నీళ్ళెట్ల పడ్తయిరా! ఈడ మూడొందలకే దిక్కు లేదు."

"నీళ్ళు కాదు నాయినా, తుపాకి..."

లైన్ కట్టయింది. సాయంత్రానికి వాట్సాప్‌లో ఒక నంబరు వచ్చింది, కింద నాయిన వాయిస్ మెసేజ్: "ఈయన కొబ్బరికాయతోటి పాయింట్ చూస్తడు. వీడియో కాల్‌ల చూస్తడేమో అడుగు. పాపం, మూడు బోర్లు ఫెయిలైనయంటే మాటలా!"