ఏ17 రహస్యం

మా మిత్రుడొకాయన కారు ఇంజిన్‌కి సొంత ఫర్మ్‌వేర్ (ఇంజిన్‌ని నడిపే చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) తయారుచేశాడు. అంటే, 2019లో అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఉచితంగా వదిలిన గిద్రా అనే సాఫ్ట్‌వేర్‌తో కంపెనీ కోడ్ విప్పి చూసి, ఎప్పుడెంత ఇంధనం పోయాలో చెప్పే ఫ్యూయల్ టేబుల్లో కొన్ని అంకెలు దిద్ది, సి భాషలో నాలుగు ఫంక్షన్లు అతికించాడన్నమాట. అప్పట్నుంచి ఆయనకి ఒకటే టెన్షన్: ఈ స్వార్జితాన్ని ఎవడైనా విప్పి చూస్తే?

వెంటనే అబ్‌ఫస్కేషన్ యజ్ఞం, అంటే చూసినవాడికి అర్థంకాకుండా కోడ్‌ని గజిబిజి చేయడం, మొదలైంది. కోడ్‌లో విలువలు దాచుకునే వేరియబుల్స్ పేర్లన్నీ తీసేసి ఏ1, ఏ2 అని వరసగా నంబర్లు వేశాడు, రెండు వారాలు నిద్ర మానుకుని. తప్పులు వెతకడానికి కోడ్‌తో పాటు ఉంచే డీబగ్ సమాచారం తీసేస్తే ఆ పేర్లేవీ అసలు చిప్‌లోకే వెళ్ళవని, ఆయన కళ్ళకింద నలుపు చూశాక చెప్పబుద్ధి కాలేదు.

తర్వాత, తిన్నగా నడిచే కోడ్‌ని ముక్కలు చేసి ఏ ముక్క ఎప్పుడు నడవాలో ఎంచే ఒక పెద్ద స్విచ్ చుట్టూ ప్రదక్షిణలు చేయించాడు. 6000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది 10 మిల్లీసెకన్లు. కోడ్ ప్రదక్షిణలు ముగిసేలోపు స్పార్క్ పడాల్సిన వేళ దాటిపోయింది. కోడ్ ఇరుక్కుపోయిందా అని కాపలా కాసే వాచ్‌డాగ్ టైమర్ చూసి చూసి చిప్‌ని రీసెట్ చేసింది. బండి నడిరోడ్డు మీద ఆగింది. కోడ్ మాత్రం పదిలం!

ఇంతా చేసి, అసలు సరుకైన ఫ్యూయల్ టేబుల్ ఒంటిమీద నూలుపోగు లేకుండా చిప్‌లో పడుంది. గ్రాఫ్ గీస్తే కొండలా లేచి నిలబడుతుంది, ఎవడైనా ఇట్టే గుర్తుపడతాడు. చిప్‌లోని కోడ్‌ని బయటికి చదివే డీబగ్ పోర్టుకి లాక్ వేయడం కూడా మరిచాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

ఆయన్ని చూసి నవ్వుకోవచ్చు. కంపెనీల దగ్గర నవ్వు రాదు. ఫోక్స్‌వ్యాగన్ కార్లలోని కోడ్, పొగ పరీక్ష జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రం పొగని శుభ్రం చేసేదని 2015లో బయటపడింది. ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షల కార్లు! పొగగొట్టానికి పరికరాలు కట్టి రోడ్డెక్కిన పరిశోధకుల వల్ల గుట్టు కదిలింది గానీ, కోడ్ ఎవరికి చూపించారు కనక? అదే ఏడాది అమెరికాలో, కారు కొన్నవాళ్ళు దాని సాఫ్ట్‌వేర్ తెరిచి చూసుకోడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు అడిగితే కార్ల కంపెనీల సంఘం అడ్డుపడింది. డబ్బులు మావి, ఊపిరితిత్తులు మావి. లెక్క మాత్రం మేం చూడకూడదా? సిగ్గుండాలి!

సరే, మా మిత్రుడు నిన్న ఫోన్ చేశాడు. చలికి ఇంజిన్ స్టార్టవడం లేదట. ఏ17 అంటే ఏమిటో గుర్తురావడం లేదట. అసలు పేర్లున్న కాపీ, ఎవరి చేతికైనా చిక్కుతుందని తనే చెరిపేశాడు. ఇవాళ పొద్దున్న మళ్ళీ చేశాడు, దొరికిందని. దొంగల్ని దారి తప్పించడానికి తనే పెట్టిన ఉత్తుత్తి వేరియబుల్ అట.