నిమిషానికి 110 పదాలు చదవకపోతే ఏకాగ్రత లోపమా?

కర్నూలు, ఆదోని టీచర్ల గ్రూపుల్లో, కడప తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి 110 పదాలు చదవలేకపోతే పిల్లల్లో ఏకాగ్రత లోపం ఉన్నట్టే. రోజూ స్టాప్‌వాచ్ పెట్టండి, వేగం వస్తే అర్థం దానంతటదే వస్తుంది. వేలు పెట్టి చదవనివ్వకండి. ఈ తరం పిల్లల ధ్యాస 8 సెకన్లే, బంగారు చేప కన్నా తక్కువ. రోజూ 15 నిమిషాలు పైకి చదివించండి." చదువు చెప్పేవాళ్ళే దీన్ని పంపుతుండటం మరీ బాధ.

చేప సంగతి: ఆ 8 సెకన్ల అంకె 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం వేసిన మార్కెటింగ్ నివేదికతో ఊరంతా పాకింది. దాని వెనక పిల్లల మీద చేసిన పరిశోధన లేదు. వేలు సంగతి: వరుస తప్పకుండా అది చిన్నపిల్లలకు ఆసరా. చదువు కుదిరాక వేలు దానంతటదే లేస్తుంది.

అసలు కోపం 110 మీద. ఇది ఇంగ్లీషు లెక్క. అమెరికా పిల్లలకు హాస్‌బ్రౌక్, టిండల్ అనే పరిశోధకులు 2017లో ఇచ్చిన చదివే వేగాల పట్టికలో మూడో తరగతి చివరి మధ్యస్థం 112. మధ్యస్థమంటే అక్కడి పిల్లల్లోనే సగం మంది అంతకు దిగువన ఉంటారు. వాళ్ళందరికీ లోపమేనా?

పైగా తెలుగు పదం వేరు. "వాళ్ళింటికి వెళ్ళలేకపోయానని చెప్పింది": మూడు పదాలు. ఇదే ఇంగ్లీషులో "షీ సెడ్ దట్ షీ కుడ్ నాట్ గో టు దెయిర్ హౌస్": పది. రెంటికీ ఒకే కొలబద్ద పెట్టి మన పిల్లాణ్ణి మందబుద్ధి అంటారా? చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతికి పెట్టిన లక్ష్యం నిమిషానికి కనీసం 60 పదాలు, అదీ అర్థం చేసుకుంటూ. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన మండలి) అధ్యయనం ఏ భాషకు ఆ భాష ప్రమాణం విడిగా కట్టింది.

వేగం కోసం తరిమితే ఏమవుతుందో చూడండి. తెలుగు క్రియ వాక్యం చివర ఉంటుంది, అవునా కాదా అన్నది ఆ క్రియ తోకలో ఉంటుంది. వెళ్ళాడు, వెళ్ళలేదు, వెళ్ళాలి: గడియారానికి భయపడ్డ పిల్లాడు "వెళ్" వరకు చూసి మిగతాది ఊహిస్తాడు. ఒత్తు ఎగిరిపోయి "పల్లు" కాస్తా "పలు" అవుతుంది. అంకె పెరుగుతుంది, కథ తలకిందులవుతుంది. గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన సూత్రంలో చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలను పలకగలగడాన్ని భాష తెలియడంతో గుణించడం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా.

కాబట్టి ఇలా చూడండి. పిల్లాడు ఇంతకుముందు చూడని పాఠ్యం ఒకటి ఇచ్చి నిమిషం చదివించండి. ఒక పదం దగ్గర 3 సెకన్లు ఆగిపోతే అందించి తప్పు కింద రాసుకోండి, తనే సరిదిద్దుకుంటే ఒప్పు. మిగిలింది కూడా చదివించి నాలుగు ప్రశ్నలు అడగండి: రెండు నేరుగా పాఠంలోవి, ఒకటి ఊహించి చెప్పేది, ఒకటి పదానికి అర్థం. తర్వాత అదే స్థాయి పాఠ్యం ఇంకొకటి మీరే చదివి వినిపించి అలాంటివే అడగండి. విన్నది చెప్పి, చదివింది చెప్పలేకపోతే చిక్కు గుణింతాల్లో, ఒత్తుల్లో ఉంది. రెండూ చెప్పలేకపోతే తెలుగు మాటలు తెలియకపోవడంలో ఉంది. ఆదోనిలో ఇంట్లో కన్నడం, కడపలో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఎంతమంది లేరు? కోసిగి, కౌతాళం వైపు అమ్మానాన్నలతో సుగ్గికి, అంటే పంట కోతల వలసకు, గుంటూరు మిరప చేలకు పోయి నెలల తరబడి బడి పోగొట్టుకున్న బిడ్డకు ఏకాగ్రత లోపమని పేరు పెట్టడం అన్యాయం. ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించారా? ధ్యాస లోపమంటే చదువులోనే కాదు, ఇంట్లోనూ బడిలోనూ, ఆరు నెలలకు తగ్గకుండా కనిపించాలి. అది తేల్చాల్సింది డాక్టరు.

ఒక మాట ఒప్పుకోవాలి. వేగం అసలు పట్టించుకోనక్కర్లేదు అనేవాళ్ళదీ తప్పే. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లాడికి ధ్యాసంతా అక్షరాలకే ఖర్చవుతుంది, క్రియ చేరేసరికి వాక్యం మొదలు జారిపోతుంది. లాబెర్జ్, శామ్యూల్స్ అనే పరిశోధకులు 1974లోనే ఇది వివరించారు. టీచరు అప్పుడప్పుడు నిమిషం కొలవడం మంచిదే, రోజూ పోటీ పెట్టడమే చెడ్డది. పైకి చదివించమన్న సలహా కూడా నిజంగా మంచిది.

ఆ 15 నిమిషాలూ ఇలా వాడండి. ఎనిమిది పది వాక్యాల పాఠ్యం తీసుకోండి. మొదట పెద్దవాళ్ళు కామా, పుల్‌స్టాప్ దగ్గర ఆగుతూ చదవాలి. తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత పిల్లాడొక్కడే రెండుసార్లు. తప్పిన పదాలు పలక మీద విడగొట్టి రాయించండి: వెళ్ళ, లేక, పోయాను. చివరికి పుస్తకం మూసి కథ చెప్పమనండి, ఇంట్లో మాట్లాడే భాషలోనే. చదువురాని తల్లి అయితే ఆ చివరి పని ఆమె చేయించవచ్చు. కథ తనకు అర్థం కాలేదని ఆమె అంటే పిల్లాడు మళ్ళీ పుస్తకం తెరిచి వెతుక్కుంటాడు.