షరియా సరే, సప్తపది మాటేమిటి?

'మా కోర్టుల్లో విదేశీ చట్టాలు, మత చట్టాలు చెల్లవు' అంటూ అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం బిల్లు తెచ్చిందంటే చాలు, మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్లు మోగుతాయి. 'భలే పని చేశారు, వాళ్లకు ఇలాగే కావాలి' అని. ఆ 'వాళ్లు' ఎవరో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ చప్పట్లు కొట్టేవారిలో చాలామంది తిరుమలలోనో అన్నవరంలోనో పెళ్లి చేసుకుని వచ్చినవారు. వారి పెళ్లిని పెళ్లిగా నిలబెడుతున్న చట్టం అమెరికాకు విదేశీ చట్టం, పైగా మతాన్ని బట్టి వర్తించే చట్టం. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టకపోవడమే నా కోపానికి కారణం.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఏడో సెక్షన్ తీసి చూడండి. సప్తపది ఆచారంగా ఉన్నచోట, అగ్నిసాక్షిగా ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు లెక్క. శాస్త్రోక్తమైన తంతు ఏదీ జరగకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే ఉంటే అది పెళ్లి కాదని మన సుప్రీంకోర్టు 2024లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఇప్పుడు డాలస్ కోర్టులో ఒక జంట తగాదా నడుస్తోందనుకోండి. 'మాకు పెళ్లే కాలేదు, ఆ రోజు జరిగింది నిశ్చితార్థం' అంటాడు భర్త. జడ్జి ఏం చేయాలి? పెళ్లి ఎక్కడ జరిగిందో అక్కడి చట్టం ప్రకారం అది చెల్లుతుందా అని చూడాలి. అమెరికా కోర్టులు తరతరాలుగా చేస్తున్నది ఇదే. అంటే ఆ జడ్జి హోమగుండం గురించి, ఏడడుగుల గురించి సాక్ష్యం వినాలి. వినకూడదు అంటే నష్టపోయేది ఎవరు? పుట్టింటివారు పెట్టిన బంగారం విషయమూ అంతే. స్త్రీధనం పూర్తిగా భార్య సొత్తేనని, భర్త దగ్గర ఉన్నంత మాత్రాన అతనిది అయిపోదని మన సుప్రీంకోర్టు 1985లో తేల్చింది. అత్తగారి లాకర్‌లో ఉన్న నగల కోసం అమెరికా కోర్టు మెట్లెక్కిన అమ్మాయికి ఆ తీర్పు చాలా పెద్ద అండ.

ఈ బిల్లుల చరిత్ర కూడా చూద్దాం. 2010 నవంబరులో ఓక్లహోమాలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కోర్టులు షరియాను, అంటే ఇస్లాం మత చట్టాన్ని గానీ, అంతర్జాతీయ చట్టాన్ని గానీ పరిగణించకూడదంటూ రాష్ట్ర రాజ్యాంగ సవరణ. 70 శాతం మంది అవునన్నారు. అక్కడి ఒక ముస్లిం పౌరుడు కోర్టుకు వెళ్లాడు. తన మతవిశ్వాసం ప్రకారం రాసుకున్న వీలునామా రేపు చెల్లకుండా పోతుందన్నది అతని వాదనల్లో ఒకటి. 2012లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ సవరణ అమలును ఆపిన ఉత్తర్వును సమర్థించింది. ఓక్లహోమా కోర్టుల్లో షరియాను అమలు చేసిన సందర్భం ఒక్కటైనా చూపగలరా అంటే, సవరణను సమర్థించిన పక్షం తమకు ఒక్కటీ తెలియదని ఒప్పుకుంది. లేని దొంగ కోసం ఊరంతా తాళాలు వేయించారన్నమాట.

మతం పేరు ఎత్తకుండా ఇదే పని చేసిన రాష్ట్రాలూ ఉన్నాయి. టెనెసీ, లూసియానాల్లో అలాంటి చట్టాలు 2010లోనే వచ్చాయి, ఆ తర్వాత అరిజోనా, కాన్సస్, నార్త్ కరోలినా, ఇలా వరసగా వచ్చాయి. ప్రాథమిక హక్కులకు భంగం కలిగించే విదేశీ చట్టాన్ని అమలు చేయరాదు అన్నది వాటి సారాంశం. ఆ అధికారం జడ్జిలకు ఎప్పటినుంచో ఉంది కదా! ఉన్నదాన్నే మళ్లీ రాయడం దేనికంటే, ఓట్ల కోసం. టెక్సస్‌లో డాలస్ పక్కనే, మనవాళ్లు కిక్కిరిసి ఉండే ఇర్వింగ్ సంగతి చూడండి. డాలస్ ప్రాంతంలో కొందరు ముస్లిం పెద్దలు, ఇష్టపడి వచ్చినవారి తగాదాలు తీర్చే పంచాయతీ పెట్టుకున్నారు. యూదుల మతగురువులు, రబ్బీలు, ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే అది. అది షరియా కోర్టు అంటూ పుకార్లు లేచాయి. 2015 మార్చిలో ఇర్వింగ్ నగర మండలి ఇలాంటి రాష్ట్ర బిల్లుకు మద్దతుగా 5-4 ఓట్లతో తీర్మానం చేసింది. 2017లో టెక్సస్‌లో చట్టమే వచ్చింది.

'మరి న్యూజెర్సీ కేసు?' అని మీరు అడుగుతారని తెలుసు. అడగాల్సిందే. భార్యను బలవంతం చేసిన భర్తకు, తన మతం ప్రకారం అది తన హక్కని నమ్మాడు కాబట్టి నేరబుద్ధి లేదని 2009లో ఒక జడ్జి ఆ భార్యకు రక్షణ ఉత్తర్వు నిరాకరించాడు. సిగ్గుచేటైన తీర్పు. 2010లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఏ కొత్త నిషేధమూ లేకుండానే, మామూలు క్రిమినల్ చట్టంతోనే.

విదేశీ చట్టానికి హద్దు ఎలా గీయాలో నేర్చుకోవాలంటే మన ఇంటి కేసే ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లి, 1978కల్లా ఎడబాటు. భర్త మిస్సోరీలో 90 రోజుల నివాసం చూపించి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెడితే, మేజిస్ట్రేటు ఆ డిక్రీ ఫోటోస్టాట్ కాపీ చూసి భర్తను వదిలేశాడు. 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. విదేశీ డిక్రీలన్నీ నిషిద్ధం అని మాత్రం అనలేదు. ఆ కోర్టుకు అధికారం ఉందా, భార్య దానికి ఇష్టపూర్వకంగా లోబడిందా, ఆమెకు వాదన వినిపించే అవకాశం దక్కిందా అని అడిగింది. ఇద్దరూ ఒప్పుకుంటే డిక్రీ చెల్లుతుందని దారీ వదిలింది. అందుకు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 13వ సెక్షన్ సరిపోయింది. ఆ తీర్పు వల్ల అమెరికాలో విడిపోయి ఇండియాలో మాత్రం భార్యాభర్తలుగా మిగిలిపోయిన జంటలూ ఉన్నాయి, అది వేరే బాధ. అయినా అక్కడ కోర్టు ముందు నిలబడిన మనిషిని చూసింది, చట్టం ఏ దేశంలో పుట్టిందని మాత్రమే చూసి ఊరుకోలేదు.

ఇంకొక్కటి, ఇది మాత్రం నాకు అసలు మింగుడుపడదు. కాన్సస్ చట్టంలోనూ దాని తోబుట్టువులు కొన్నింటిలోనూ ఒక మినహాయింపు ఉంది. కంపెనీలు తమ ఒప్పందాలకు సింగపూర్ చట్టాన్నో లండన్ చట్టాన్నో ఎంచుకోవచ్చు, వాటికి ఈ నిషేధం వర్తించదు. కోట్ల డాలర్ల ఒప్పందానికి విదేశీ చట్టం ముద్దు, ఒక ఆడమనిషి పెళ్లికి, నగలకు, వీలునామాకు వచ్చేసరికి దేశానికే ప్రమాదం! ఈసారి ఎవరైనా గ్రూపులో ఇలాంటి బిల్లు పంచితే, ఆ మినహాయింపు పేరా కూడా పెట్టండి బాబూ అని అడుగుతాను.